‘దేశం కాని దేశంలో హక్కులేమిటి?’ – కువైట్‌లో తల్లి ఉన్న ఒక కూతురి లేఖకు సమాధానం

లేఖ: మాది రాయచోటి దగ్గరి ఒక పల్లె. మా అమ్మ 2011లో ఖాదిం (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్లింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. 2014లో ఒకసారి సెలవు మీద వచ్చి వెళ్లింది. 2019లో, తొమ్మిది నెలలుగా జీతం ఇవ్వకపోగా చెయ్యి కూడా చేసుకున్నారని, ఆ ఇల్లు వదిలి బయటికి వచ్చేసింది. పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటినుంచి అకామా, అంటే అక్కడ ఉండడానికి అనుమతి, లేదు. అక్కడి జిలీబ్ అనే పేటలో మరో ఆరుగురితో ఒక గదిలో ఉంటూ, నాలుగిళ్లలో పని చేసి, నన్ను డిగ్రీ చదివించింది. వచ్చే మాఘంలో నా పెళ్లి. అమ్మ బయటపడితే జైల్లో పెడతారని, వేలిముద్రలు తీసుకుని మళ్లీ రానివ్వరని అంటున్నారు. మా మేనమామ ‘దేశం కాని దేశంలో హక్కులేమిటి, చెప్పకుండా ఇల్లు దాటిన రోజే అన్నీ పోయాయి’ అంటాడు. ప్రపంచమంతా ఒకే సంత అయిపోయిందని ప్రపంచీకరణ పాఠంలో చదువుకున్నాను. ఆ సంతలో మా అమ్మకు ఎందుకు చోటు లేదు? ఆమెకు నిజంగానే ఏ హక్కూ లేదా? ఇప్పుడు మేమేం చెయ్యాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి మీ అమ్మగారి హక్కుల గురించి, రెండవది మాఘంలోపు చెయ్యవలసిన పనుల గురించి. రెండవదానికే మీకు తొందర ఎక్కువని తెలుసు. అయినా మొదటిదానితోనే మొదలుపెడతాను. తనకు ఏ హక్కూ లేదని నమ్మిన మనిషి ఎంబసీ గుమ్మం ఎక్కడానికి కూడా వెనుకాడుతుంది. గడిచిన ఆరేళ్లలో మీ అమ్మగారి విషయంలో జరిగింది అదేనని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది.

మీ మేనమామగారు రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేశారు. అకామా లేకుండా ఉండడం ఆ దేశపు నివాస చట్టాన్ని అతిక్రమించడమే. దానికి జరిమానా ఉంది, నిర్బంధం ఉంది, దేశం నుంచి పంపివేయడం ఉంది. ఇందులో దాచవలసింది ఏమీ లేదు. కానీ ఆ తొమ్మిది నెలల జీతం, ఆమె అకామాతో, చట్టబద్ధంగా, ఆ ఇంటి వంట చేసి, ఆ ఇంటి పిల్లలను పెంచి సంపాదించుకున్నది. అది ఆ యజమాని ఆమెకు పడిన బాకీ. బాకీ ఇవ్వవలసినవాడి ఇంటినుంచి వెళ్లిపోయినంత మాత్రాన బాకీ రద్దవుతుందని మన పల్లెలో ఎవరూ అనరు. కువైట్ చట్టం కూడా అనదు.

కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. గల్ఫ్ దేశాల్లో ఇంటిపనివారికి ఇంత వివరంగా చట్టం రావడం అప్పటికి చాలా కొత్త. దాని ప్రకారం రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, నెల నెలా జీతం చెల్లించాలి, పని ముగిసినప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చొప్పున సర్వీసు సొమ్ము ఇవ్వాలి. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టునుగానీ, బతాకా అనే గుర్తింపు కార్డునుగానీ యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం నెలకు 60 దినార్లుగా నిర్ణయించారు. మీ అమ్మగారు 2011 నుంచి 2019 వరకు పనిచేసిన కాలంలో సగభాగం ఈ చట్టం అమల్లో ఉన్న రోజుల్లోనే గడిచింది. తొమ్మిది నెలల జీతం ఎగ్గొట్టడం, చెయ్యి చేసుకోవడం, పాస్‌పోర్టు ఆపుకోవడం – ముందుగా చట్టాన్ని దాటింది ఎవరో మీ మేనమామగారిని ఒకసారి ఆలోచించమనండి.

ఇక పాస్‌పోర్టు సంగతి. 1967 నాటి మన పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ పుస్తకం ఎప్పటికీ భారత ప్రభుత్వపు ఆస్తిగానే ఉంటుంది. దాన్ని ఇంకొక దేశపు గృహస్థుడు తన బీరువాలో పెట్టి తాళం వేసుకునే హక్కు ఎక్కడినుంచి వచ్చిందని మన ప్రభుత్వమే గట్టిగా అడగవలసింది. దశాబ్దాలుగా లక్షల పాస్‌పోర్టులు అలా యజమానుల దగ్గర పడి ఉంటే అది రివాజుగా మారిపోయింది. ఆ రివాజునే మన పల్లెల్లో చట్టం అనుకుంటున్నారు.

మీ అమ్మగారు ‘అక్రమ’ మనిషి ఎలా అయ్యారో కొంచెం నిదానంగా చూడాలి. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అక్కడే ఉంది. గల్ఫ్ దేశాల్లో విదేశీ పనివారి నివాసం కఫీల్ పేరుకు, అంటే వీసా ఇప్పించిన యజమాని పేరుకు, ముడిపడి ఉంటుంది. అకామా కొట్టించవలసింది ఆయన, గడువు తీరినప్పుడల్లా కొత్తది చేయించవలసింది ఆయన. పనిమనిషి పారిపోయిందని ఆయన ఫిర్యాదు రాసిస్తే ఆమె నివాసపు అనుమతి అక్కడితో పోతుంది. అంటే తనకు జీతం బాకీ ఉన్న మనిషిని ఒక్క కాగితంతో నేరస్థురాలిగా మార్చగలిగే కలం బాకీ పడినవాడి చేతిలోనే ఉంది. ఆమె ఫిర్యాదు చెయ్యడానికి పోలీసు స్టేషనుకు వెళితే మొదట అడిగేది అకామానే. ఆ అకామా పోయింది ఎవరివల్లనో తరువాత అడుగుతారు, చాలాసార్లు అడగనే అడగరు. కూలిబాకీ అడిగే గొంతు మూగబోవడానికి ఇంతకంటే తేలికైన ఏర్పాటు ఉంటుందని నేననుకోను. తెలంగాణ పల్లెల్లో ఇలా కఫీల్‌ను వదిలి బయట పనిచేసేవారిని ‘ఖల్లివెల్లి’ అంటారు. ఆ మాట చిన్నతనంగా వాడతారుగానీ, ఒక్కొక్క ఖల్లివెల్లి వెనుక ఎగ్గొట్టిన జీతమో, మారిపోయిన ఒప్పందమో, దెబ్బో ఉంటుంది. సుఖం కోసం అకామా వదులుకున్నవారు అరుదు.

పౌరసత్వం లేకపోతే హక్కులు ఉండవన్న మాట న్యాయశాస్త్రంలో ఎక్కడా నిలబడదు. మన రాజ్యాంగాన్నే చూడండి. మాట్లాడే స్వేచ్ఛ, సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చిన 19వ అధికరణం ‘పౌరులందరికీ’ అంటుంది. చట్టం ముందు సమానత్వం ఇచ్చిన 14వ అధికరణం, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చిన 21వ అధికరణం ‘ఏ వ్యక్తికైనా’ అంటాయి. రాజ్యాంగం రాసినవారు ఆ రెండు మాటలనూ తెలిసే వేర్వేరుగా వాడారు. అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మా శరణార్థుల విషయంలో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా 21వ అధికరణం పౌరులు కానివారి ప్రాణాలకు కూడా కాపు కాస్తుందని స్పష్టం చేసింది.

కువైట్ 1996లోనే పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. ఆ ఒడంబడికలో ఓటు వెయ్యడం, పదవికి పోటీ చెయ్యడం వంటివి పౌరులకే పరిమితం. చిత్రహింసకు గురికాకుండా ఉండే హక్కు, వెట్టిచాకిరీ చెయ్యకుండా ఉండే హక్కు, చట్టం ముందు మనిషిగా గుర్తింపు పొందే హక్కు, ఏ దేశాన్నైనా వదిలి వెళ్లే హక్కు, సొంత దేశానికి తిరిగి వచ్చే హక్కు ఆ నేల మీద ఉన్న ప్రతి మనిషివీ. అదే ఒడంబడికలో, దేశం నుంచి పంపివేసే ముందు వాదన వినిపించుకునే రక్షణ మాత్రం చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకే ఇచ్చారు. కాబట్టి కువైట్‌లో ఉండిపోయే హక్కు మీ అమ్మగారికి ఉందని నేను చెప్పలేను. అయితే ఒళ్లు నొవ్వకుండా, తిండికి మాడకుండా, సంపాదించినది అడిగి, పుట్టిన ఊరికి తిరిగి వచ్చే హక్కు ఆమెకు ఉంది. మీరు అడుగుతున్నది కూడా అంతే కదా.

ఈ విషయం కోసమే ప్రత్యేకంగా రాసిన ఒడంబడిక ఒకటి ఉంది. వలస కార్మికులందరి హక్కుల కోసం, వారి కుటుంబ సభ్యుల హక్కుల కోసం ఐక్యరాజ్య సమితి 1990 డిసెంబరు 18న దాన్ని ఆమోదించింది. 2003లో అమల్లోకి వచ్చింది. కార్మికుడి నివాసంలోనో ఉద్యోగంలోనో లోపం ఉందన్న సాకుతో అతని జీతమూ పనివేళల హక్కులూ తీసివెయ్యకూడదని, ఆ లోపం చూపించి యజమాని తన బాధ్యత నుంచి తప్పించుకోకూడదని అందులో రాసి ఉంది. మీ అమ్మగారి సమస్యకు దాదాపు అక్షరం పొల్లుపోకుండా సరిపోయే వాక్యం అది. ఆ ఒడంబడికలో ఫిలిప్పీన్స్ చేరింది, శ్రీలంక చేరింది, బంగ్లాదేశ్ చేరింది. మనుషులను రప్పించుకునే గల్ఫ్ దేశాలు చేరలేదు, ధనిక పాశ్చాత్య దేశాలు చేరలేదు. లక్షలమందిని పంపుతున్న మన దేశం కూడా చేరలేదు. పంపేవారే సంతకం చెయ్యకపోతే రప్పించుకునేవారిని అడిగే ముఖం మనకు ఎలా వస్తుంది? ఈ విషయంలో నాకు చాలా కాలంగా బాధ ఉంది, దాన్ని ఇక్కడ చెప్పకుండా దాటలేను.

మీ కాలేజీ పాఠం గురించి అడిగారు. సంత ఒకటే అయిన మాట నిజం. 1973 తరువాత చమురు ధరలు పెరగడంతో గల్ఫ్ దేశాల్లోకి డబ్బు వచ్చింది, ఆ వెనకే రోడ్లు వెయ్యడానికి, ఇళ్లు కట్టడానికి, వండి పెట్టడానికి, పిల్లలను చూడడానికి మనుషులు కావలసి వచ్చారు. కరువు సీమలో భూమి మీద బతుకు సాగని కుటుంబాలు ఆ పిలుపు అందుకున్నాయి. నేడు కువైట్ జనాభాలో ఆ దేశపు పౌరులు మూడోవంతు కూడా లేరు. అక్కడి భారతీయులే దాదాపు పది లక్షలమంది. 2024లో విదేశాల్లోని భారతీయులు ఇంటికి పంపిన మొత్తం దాదాపు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. జిలీబ్‌లో ఎక్స్‌ఛేంజి కిటికీ దగ్గర కట్టిన దినార్లు నిమిషాల్లో రాయచోటిలో రూపాయలై మీ కాలేజీ ఫీజు కట్టాయి. డబ్బుకు ఎవరూ అకామా అడగలేదు.

కానీ ఆ సంత నియమాలు రాసినవారు మనిషి దగ్గరికి వచ్చేసరికి కలం ఆపారు. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు సేవల వాణిజ్య ఒప్పందం, అంటే గాట్స్, అమల్లోకి వచ్చింది. సేవలు అందించడానికి మనుషులు సరిహద్దు దాటడాన్ని కూడా అది వాణిజ్యంలో ఒక పద్ధతిగా గుర్తించింది. దానికి జోడించిన అనుబంధంలోనే, ఇంకొక దేశంలో ఉద్యోగం వెతుక్కోవడానికిగానీ, పౌరసత్వానికిగానీ, శాశ్వత నివాసానికిగానీ ఈ ఒప్పందం వర్తించదని స్పష్టంగా రాశారు. పెట్టుబడి నష్టపోతే అడగడానికి అంతర్జాతీయ వేదికలు ఉన్నాయి, సరుకు ఆగిపోతే అడగడానికి వివాద పరిష్కార మండలి ఉంది. తొమ్మిది నెలల జీతం ఆగిపోతే అడగడానికి మాత్రం, ఎవరిమీద ఫిర్యాదో ఆయన రద్దు చేయించిన అకామా చూపించి లోపలికి వెళ్లాలి. సంతలో మీ అమ్మగారికి చోటు లేదన్నారు. ఆమె పనికి చోటు ఉందమ్మా, ఆమె లేకపోతే ఆ నాలుగిళ్లు ఒక్క వారం కూడా గడవవు. ఇంకా చెప్పాలంటే, ఆమె పనికి ఉన్న ధర కూడా కొంతవరకు ఆమెకు కాగితం లేకపోవడం వల్లనే అంత తక్కువగా ఉంది. బేరం ఆడలేని మనిషి కూలి ఎప్పుడూ చౌకే. ఆ చౌకను నాలుగిళ్లవారూ వాడుకుంటున్నారు, ప్రభుత్వాలకు అది తెలుసు, కొన్నేళ్లకు ఒకసారి చెకింగులు జరుపుతారు, మరి కొన్నేళ్లకు ఒకసారి, అకామా లేనివారు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చని క్షమాభిక్ష ప్రకటిస్తారు.

ఇది విధిరాత అనుకోకూడదని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 2018 ఫిబ్రవరిలో, తమ దేశపు పనిమనిషి ఒకరు కువైట్‌లో హత్యకు గురైన సంగతి బయటపడిన తరువాత, ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కువైట్‌కు కొత్తగా కార్మికులను పంపడం ఆపేసింది. మూడు నెలల్లో, ఆ మే నెలలోనే, రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది, పాస్‌పోర్టులు యజమానులు ఉంచుకోకూడదన్న మాట అందులోకి ఎక్కింది. ఆ ఒప్పందం తరువాత అన్నీ చక్కబడ్డాయని కాదు, తరువాత కూడా దారుణాలు జరిగాయి. అయినా తన మనుషుల తరఫున ఒక ప్రభుత్వం గట్టిగా నిలబడితే పౌరసత్వం లేని చోట కూడా హక్కు కొంత కదులుతుందని అది చూపించింది. మన ప్రభుత్వం కూడా ఇంటిపనివారి విషయంలో 2021 జూన్‌లో కువైట్‌తో అవగాహన పత్రం మీద సంతకం చేసింది. అది మీ అమ్మగారు ఇల్లు దాటిన రెండేళ్లకు వచ్చింది.

ఇంకొక మాట కూడా మీకు ధైర్యం కోసం చెప్పాలి. కువైట్‌లోనే ‘బిదూన్’ అని పిలిచే మనుషులు దాదాపు లక్షమంది ఉన్నారు. బిదూన్ అంటే ‘లేనివారు’, పౌరసత్వం లేనివారని. తాతల నాటి నుంచి ఆ ఎడారిలోనే పుట్టి పెరిగినా, 1959 నాటి పౌరసత్వ చట్టం కింద నమోదు కాక, ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోయారు. వారు వెళ్లగొట్టబడినా వెళ్లడానికి ఇంకొక దేశం లేదు. మీ అమ్మగారి పరిస్థితి అది కాదు. ఆమె పాస్‌పోర్టు పోయింది, పౌరసత్వం పోలేదు. ఆమెను తిరిగి తీసుకోవలసిన బాధ్యత ఉన్న దేశం ఒకటి ఉంది, ఆ దేశపు కార్యాలయం కువైట్‌లోనే ఉంది. ఆరేళ్లుగా ఆమె ఆ కార్యాలయాన్ని కూడా పోలీసు స్టేషను లాగే చూసి భయపడుతున్నారని నా అనుమానం. ఎంబసీ పని ఆమెను పట్టివ్వడం కాదు. భయపడుతున్నవారికి ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

మీ మేనమామగారి మాట మన దగ్గర కూడా తరచుగా వినిపిస్తుంది. హైదరాబాదు బాలాపూర్ ప్రాంతపు గుడిసెల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉంటున్నాయి. వారి గురించి కూడా జనం ‘దేశం కానివారికి హక్కులేమిటి’ అనే అంటారు. కువైట్‌లో మన తల్లి కోసం ఒక న్యాయం, బాలాపూర్‌లో ఇంకొకరి తల్లి కోసం ఇంకొక న్యాయం కుదరవు. వీలు చూసుకుని మీ మేనమామగారితో ఈ సంగతి మాట్లాడండి.

ఇప్పుడు చెయ్యవలసిన పని. మొదట చెయ్యకూడనిది ఒకటి చెబుతాను. ‘ఇంత డబ్బిస్తే వేలిముద్రలు పడకుండా దాటిస్తాం’ అనో, ‘ఊరికి వచ్చాక పేరు మార్చి కొత్త పాస్‌పోర్టు చేయిస్తాం, మళ్లీ వెళ్లవచ్చు’ అనో చెప్పే ఏజెంటు ఎవరైనా మీ ఇంటికి వస్తే గడప దాటనివ్వకండి. తప్పుడు వివరాలతో పాస్‌పోర్టు తీసుకోవడం మన చట్టం ప్రకారం నేరం. 2024 చివరి నాటికి కువైట్ తన గడ్డ మీద ఉన్న విదేశీయులందరికీ బయోమెట్రిక్ నమోదు తప్పనిసరి చేసింది. పేరు మారినా వేలు మారదు కనుక, అలా వెళ్లినవారు విమానాశ్రయంలోనే దొరికిపోతున్నారు.

మీ అమ్మగారు కువైట్‌లోని భారత ఎంబసీకి వెళ్లి, తాను ఇంటికి తిరిగి వెళ్లదలిచానని, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉందని రాతపూర్వకంగా చెప్పాలి. ఒంటరిగా వెళ్లడానికి జంకితే, అక్కడి తెలుగు సంఘాల్లో ఇలాంటి పనులు చేసి అలవాటున్నవారి తోడు తీసుకోవాలి. పాస్‌పోర్టు లేనివారికి ఎంబసీ అత్యవసర ప్రయాణ పత్రం ఇస్తుంది. మనవాళ్లు ఔట్ పాస్ అనేది దాన్నే. అది ఇవ్వడానికి ఆమె భారతీయురాలేనని నిర్ధారించుకోవాలి, దానికి మీరు ఇక్కడినుంచి చాలా సాయం చెయ్యగలరు. పాత పాస్‌పోర్టు నకలు, వీసా కాగితం నకలు, ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు ఏవి ఉంటే అవి ఫొటోలు తీసి ఆమె ఫోనుకు పంపండి. విచారణ మన జిల్లాకు వస్తే ఆ కాగితం ఏ బల్ల మీదా వారాల తరబడి పడి ఉండకుండా వెంటపడండి. విదేశాంగ శాఖ నడిపే ‘మదద్’ పోర్టల్‌లో కుటుంబ సభ్యురాలిగా మీరే ఫిర్యాదు నమోదు చెయ్యవచ్చు. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వపు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి కూడా చెప్పండి. ఉండడానికి చోటు లేని మహిళల కోసం ఎంబసీకి ఒక ఆశ్రయం ఉంది, విమాన టికెట్టుకు దారి లేనివారి కోసం 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అడిగితే దానంగా ఇచ్చేది కాదది. విదేశాల్లో భారతీయులు ఎంబసీ సేవలకు కట్టే రుసుముల నుంచి కూడబెట్టిన సొమ్ము.

ఎంబసీలో ఆమె తప్పకుండా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. తన మీద పారిపోయిందన్న ఫిర్యాదు తప్ప, దొంగతనం వంటి కేసు ఏదైనా పెట్టారా అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఇల్లు వదిలి వెళ్లిన పనిమనిషి మీద అలాంటి కేసు పెట్టడం కొందరు యజమానులకు అలవాటు. కేసు ఉంటే దారి పొడవు పెరుగుతుంది, న్యాయవాది కావాలి. కేసు లేకపోతే మిగిలేది నివాసపు ఉల్లంఘన, దాని జరిమానా, పంపివేత మాత్రమే. క్షమాభిక్ష కాలం కానప్పుడు, టికెట్టు, పత్రం చేతికి వచ్చేదాకా పంపివేత కేంద్రంలో ఉంచవచ్చు. అలా ఉంచితే, ఎంబసీతో మాట్లాడతానని అడిగే హక్కు ఆమెకు ఉంది. 1963 నాటి వియన్నా ఒడంబడిక 36వ అధికరణం అదే చెబుతుంది. ఎంబసీ నంబరు ఫోనులో ఉంటే చాలదు, ఫోను తీసేసుకుంటారు కాబట్టి కంఠతా పట్టమనండి.

క్షమాభిక్ష కోసం ఆగాలా అని మీకు తోచవచ్చు. 2018లో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో వచ్చింది, 2024 మార్చి నుంచి జూన్ చివరి దాకా వచ్చింది. ఆ రోజుల్లో వెళ్లినవారికి జరిమానా లేదు, కొత్త వీసా మీద తిరిగి వచ్చే అవకాశం ఉంది. 2020లో మాత్రం పేరు నమోదు చేసుకున్న మనవాళ్లు, మన విమానాలు ఆగిపోయి ఉండడంతో, వారాల తరబడి శిబిరాల్లో పడిగాపులు కాశారు. మీ అమ్మగారు అప్పుడు కదలకపోవడంలో తప్పు లేదు. తరువాతిది ఎప్పుడు వస్తుందో ప్రకటన వచ్చేదాకా ఎవరికీ తెలియదు, దాన్ని నమ్ముకుని పెళ్లి ముహూర్తం పెట్టుకోకండి. ఇప్పుడు వస్తే వేలిముద్రలు పడతాయి, మళ్లీ కువైట్ వెళ్లే దారి దాదాపుగా మూసుకుపోతుంది. ఇంట్లో ఇంకా అప్పు ఎంత మిగిలి ఉందో, ఆమె వచ్చాక ఇల్లు ఎలా గడుస్తుందో అన్న లెక్క ముందే వేసుకోవాలి. మీరు డిగ్రీ పూర్తి చేశారు, ఆ లెక్కలో మీ సంపాదనను కూడా ధైర్యంగా కలపండి.

ఇక ఆ తొమ్మిది నెలల జీతం. ఆ బాకీ ఆమెదేనని పైన రాశాను. వసూలు కష్టమని కూడా అంతే నిజాయితీగా చెప్పాలి. ఆరేళ్లు గడిచాయి, సాక్ష్యం పలచబడింది, ఫిర్యాదులకు కాలపరిమితుల అడ్డు కూడా రావచ్చు. అయినా దేశం దాటకముందే ఎంబసీ ద్వారా కార్మిక విభాగానికి ఆ ఫిర్యాదు ఇవ్వమనండి. ఆ ఇంటి చిరునామా, యజమాని పూర్తి పేరు, పనిలో చేరిన తేదీ, జీతం ఆగిన నెల, మీకు డబ్బు పంపిన ఎక్స్‌ఛేంజి రసీదులు, ఆ రోజుల్లో ఏడుస్తూ మీకు పంపిన వాట్సాప్ సందేశాలు, అన్నీ పనికొస్తాయి. రసీదులు ఏ నెలలో ఆగిపోయాయో మీ ఇంట్లో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు చూసినా తెలుస్తుంది. ఆమె వచ్చేసిన తరువాత కూడా వ్యవహారం నడవాలంటే, అక్కడి న్యాయవాదికో నమ్మకమైన మనిషికో ఎంబసీ ధ్రువీకరణతో అధికార పత్రం ఇచ్చి రావాలి. ఈ ఒక్క పని మరిచిపోయి విమానం ఎక్కినవారు చాలామంది. ఇక్కడ దిగాక వారి బాకీ అడిగే నాథుడు ఉండడు.

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. జైలు గురించి ఉంది, వేలిముద్రల గురించి ఉంది, మీ మేనమామగారి అభిప్రాయం ఉంది, పెళ్లి ఉంది. మీ అమ్మగారు ఏమంటున్నారో మాత్రం ఎక్కడా లేదు. పద్నాలుగేళ్లుగా ఆమె ఎక్కడ ఉండాలో, ఏ ఇంట్లో పడుకోవాలో, ఎప్పుడు రావాలో ఏజెంటు చెప్పాడు, కఫీల్ చెప్పాడు, అప్పు చెప్పింది. ఈసారి మీరు అడగండి. పెళ్లి మాట పక్కన పెట్టి, ఎవరూ వినని వేళ చూసి, ‘అమ్మా, నీకు వచ్చేయాలని ఉందా, ఇంకొన్నాళ్లు ఉండాలని ఉందా’ అని అడగండి. ఉండాలని అంటే, ఆ మాటను గౌరవించి, పెళ్లిని వీడియోలో చూపించే ఏర్పాటు చేసి, ఎంబసీలో తన వివరాలు మాత్రం ఈ నెలలోనే నమోదు చేయించండి, ఎప్పుడు అవసరమైనా పత్రం తొందరగా చేతికి వస్తుంది. రావాలని అంటే, మాఘం దాకా ఉన్న వారాలు లెక్కపెట్టి, ఆ కాగితాల ఫొటోలు ఈ రాత్రికే పంపండి. శుక్ర, శనివారాలు ఎంబసీకి సెలవు, అది చూసుకుని ఆమెను బయలుదేరమనండి.